డ్రమ్ములో ఆడుద్ది, మొగలో ఆగుద్ది

రేపల్లెలో నేను పనిచేసిన బోటు మోటార్ల షోరూంలో కొత్తగా ఇద్దరు చేరారట. వాళ్ళకి పనికొచ్చేలా నాలుగు ముక్కలు రాసిపెట్టమని మా పాత యజమాని ప్రసాదరావు గారు కబురు పంపించారు. ఫోను చేయలేదు, కబురే పంపించారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా మాట వినడానికి తీరిక లేని మనిషికి, నేను మానేశాక నా మాటలు కావలసి వచ్చాయి. "శర్మ వద్దనడులే, ఇంట్లో ఖాళీగానే ఉంటాడుగా" అన్నారట. కబురు తెచ్చినవాళ్ళు ఆ ముక్క కూడా వదలకుండా తెచ్చారు.

అందుకే రాస్తున్నాను. అయితే ఆయన అడిగినట్టు నాలుగు ముక్కలు కాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. షోరూంలో పెట్టుకుంటారో, చింపేస్తారో వారి ఇష్టం.

ఉద్యోగం పేరు

ముందుగా మీకు తెలియాల్సింది, ఈ పనికి ఒక పేరంటూ లేదు. నా విజిటింగ్ కార్డు మీద 'సర్వీసు ఇంజనీరు' అని ఉండేది. నేను డిప్లొమా చేశాను కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. కానీ కస్టమరు వస్తే ప్రసాదరావు గారు నన్ను చూపించి "మా మెకానిక్" అనేవారు. కంపెనీ నుంచి పెద్దవాళ్ళు వస్తే "మావాడు" అనేవారు. నిజాంపట్నం రేవులో అందరికీ నేను మేస్త్రిని. మా బంధువుల్లో అయితే "తెనాలి నుంచి రోజూ రైలెక్కి వెళ్ళి పడవల దగ్గర ఏదో చేస్తాడు" అనేవాళ్ళు. మా నాన్నగారు తెనాలిలో ఒక చిన్న గుడిలో అర్చకులు. అర్చకుడి కొడుకు గ్రీజు పూసుకోవడం ఏంటని మా పెద్దనాన్న నా పెళ్ళి పందిట్లోనే అడిగారు. వియ్యాలవారు వింటుండగా అడిగారు. ఆయన పోయి చాలాకాలమైంది. నేను మాత్రం మర్చిపోలేదు.

పని ఏంటంటే, బోటు వెనక చెక్కకు బిగించే మోటార్లు బాగుచేయడం. పైన ఇంజను, కింద నీళ్ళలో ఫ్యాను, పక్కన వేరే ట్యాంకులో పెట్రోలు. ట్యాంకు నుంచి ఇంజనుకు ఒక గొట్టం, ఆ గొట్టం మధ్యలో గుప్పిట్లో పట్టేంత రబ్బరు పంపు. దాన్ని నాలుగు నొక్కులు నొక్కితే పెట్రోలు పైకెక్కి రబ్బరు గట్టిపడుతుంది. అప్పుడు తాడు లాగాలి. ఇంతే యంత్రం. ఇంత చిన్న యంత్రం చుట్టూ ఇంతమంది పెద్దమనుషులు ఎలా పడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మన దాకా వచ్చేసరికి

స్టార్ట్ కాని మోటారు మొదట మన దగ్గరికి రాదు. మొదట బోటు యజమాని లాగుతాడు. తర్వాత ఆయన బావమరిది లాగుతాడు. తర్వాత అటుగా పోయే ప్రతివాడూ "నువ్వు లాగడం కాదెహె, ఇటివ్వు" అని లాగుతాడు. లాగిన ప్రతివాడూ చోక్ పట్టి లాగుతాడు. చివరికి ఇంజనులో పెట్రోలు నిండి, ప్లగ్గు తడిసి ముద్దై, అప్పుడు ఎవరికో మనం గుర్తొస్తాం.

మీరు వెళ్ళి "ఏం చేశారు?" అని అడిగితే "ఏం చేయలేదండి, చెయ్యి కూడా పెట్టలేదు" అంటారు. తాడు పట్టి ఎర్రబడ్డ అరచేతులతో దణ్ణం పెట్టి మరీ అంటారు. అందుకని ఆ ప్రశ్న అడక్కండి. మాట్లాడకుండా ప్లగ్గు తీయండి, తుడవండి, చోక్ లోపలికి తోసేసి తాడు లాగి లోపలి పెట్రోలు బయటికి పోనివ్వండి, మళ్ళీ బిగించండి. మోటారుకి ఊళ్ళో వచ్చిన చెడ్డపేరులో సగం దాంతో పోతుంది.

మిగతా సగం సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోయిన వారంలో వస్తుంది. ఎండాకాలమంతా మోటారు ఇంటి వసారాలో గోనెసంచి కప్పుకుని పడుకుంటుంది. లోపల మిగిలిన పెట్రోలు ఎండి కార్బురేటర్లో బెల్లం పాకంలా అంటుకుంటుంది. నిషేధం మొదలైన రోజునే పెట్రోలు గొట్టం పీకి, మోటారును డ్రమ్ములో ఆగిపోయేదాకా తిప్పండి అని ఏటా చెప్పేవాణ్ణి. ఏటా తలూపేవాళ్ళు. తలూపడం మన వైపు ఒక మర్యాద. విన్నామని దానర్థం కాదు.

సార్ గారి జేబు

బాపట్ల వైపు సముద్రపు ఒడ్డున ఒక ప్రభుత్వ శాఖ వారికి, మునిగేవాళ్ళని కాపాడడానికి ఒక బోటు ఉండేది. ఏ శాఖో రాయను. పండగ రద్దీకి ముందు ఒక పొద్దున మోటారు స్టార్ట్ కావడం లేదని పిలిచారు. కర్లపాలెం మీదుగా బస్సులో నిలబడి వెళ్ళాను. జీపు పంపుతామన్నారు, పంపలేదు.

ప్రతి మోటారుకూ ఒక ఎర్ర తాడు ఉంటుంది. చుట్టలు చుట్టలుగా ఉంటుంది, కొసన చిన్న క్లిప్పు. క్లిప్పు మోటారుకి, తాడు నడిపేవాడి మణికట్టుకి. మనిషి నీళ్ళలో పడితే క్లిప్పు ఊడి మోటారు ఆగుతుంది. క్లిప్పు లేకపోతే ఊరంతా కలిసి లాగినా మోటారు పలకదు. నేను వెళ్ళేసరికి క్లిప్పు లేదు.

"క్లిప్పు ఏదండీ?" అన్నాను.

అధికారి గారు కుర్చీలోంచి కదలకుండా "అది సేఫ్‌గా ఉందయ్యా. ఎవరూ బోటు ఎత్తుకుపోకుండా నా దగ్గరే పెట్టుకున్నా. నువ్వు మోటారు సంగతి చూడు" అన్నారు.

"అది పెడితే స్టార్ట్ అవుద్దండి."

"అది తాళం కాదుగా! తాడేగా!"

"తాడేనండి. జేబులోంచి తీసి ఇస్తే పెడతాను."

ఇచ్చారు. మోటారు మొదటి లాగుకే అందుకుంది. చుట్టూ ఉన్న సిబ్బంది నవ్వు ఆపుకోవడానికి సముద్రం వైపు తిరిగారు. ఆయన ముఖం ఎర్రబడింది. వారం తిరక్కుండా షోరూంకి ఫిర్యాదు వచ్చింది, మీ మనిషికి మాటతీరు తెలియదని. ప్రసాదరావు గారు నన్ను పిలిచి "పెద్దవాళ్ళ జేబుల సంగతి మనకెందుకయ్యా శర్మా?" అన్నారు. మునిగేవాళ్ళ సంగతి మాత్రం ఆయన అడగలేదు.

ఒక మాట అనమన్నారు

ఇక నేను రాయదలుచుకున్న అసలు సంగతికి వస్తాను.

నిజాంపట్నంలో తిరుపతమ్మ అని ఒకావిడ ఉంది. బోటు ఆమెది. నడిపేది ఆమె తమ్ముడు నాంచారయ్య. ఆ మోటారు పాతదంటే పాతది. రంగు పోయింది, పై కవరు వేరే మోటారుది తెచ్చి తాడుతో కట్టారు. ట్యాంకు మూత మీద గాలి కోసం చిన్న స్క్రూ ఒకటి ఉండాలి, అది ఎప్పుడో పడిపోయి సూది దూరేంత బెజ్జం మిగిలింది. నిషేధం అయిపోయే ముందు మోటారునీ ట్యాంకునీ ఆటోలో వేసుకుని అక్కాతమ్ముడూ రేపల్లె వచ్చారు. చాలా లాగామండి, పలకడం లేదు అన్నారు.

చూశాను. నేను ఇందాక చెప్పిన బెల్లం పాకమే. కార్బురేటర్ విప్పి కడిగాను, ప్లగ్గులు మార్చాను, నీళ్ళ పంపులో రబ్బరు మార్చాను. ఇంజనులో దమ్ము ఉంది. తాడు లాగుతుంటే చెయ్యి వెనక్కి గుంజేంత దమ్ము. పెరట్లో నీళ్ళ డ్రమ్ముకి బిగించి, షోరూం ట్యాంకు నుంచి గొట్టం తగిలించి లాగాను. రెండో లాగుకు ఆడింది.

అప్పుడు ప్రసాదరావు గారు నన్ను తన గదిలోకి పిలిచారు. కూర్చోమన్నారు కూడా. ఆయనది రైసు మిల్లు నడిపిన కుటుంబం. ధాన్యం పట్టుకుని చూడగానే ఎన్ని నూకలు వస్తాయో చెప్పగలరు. మోటార్ల వ్యాపారంలోకి వచ్చాక కూడా పాత మోటారును పాత ధాన్యంలాగే చూసేవారు, వదిలించుకోవలసిన సరుకు కింద.

"శర్మ గారూ" అన్నారు. నా సర్వీసులో ఆయన నన్ను గారూ అన్నది ఆ ఒక్కసారే. "ఆ మోటారు అయిపోయిందని ఆమెకి చెప్పండి. నేనంటే వ్యాపారం కోసం అన్నాననుకుంటుంది. మీరంటే నమ్ముతుంది."

"అయిపోలేదండి. ఆడుతోంది కదా, చప్పుడు వినపడడం లేదా?"

"ఎప్పటికైనా అయిపోయేదేగా! ఇవాళ చెబితే అబద్ధం ఏముంది?"

"ఆ లెక్కన మనం కూడా..." అని ఆపేశాను.

ఆ మాట నేను అంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తిరుపతమ్మ కొత్త మోటారు కొనే స్థితిలో లేదు. బోటు ఇంకొకరికి కౌలుకిచ్చి, నాంచారయ్య ఆ బోటు మీదే కూలికి ఎక్కుతాడు. రేవులో ఆమెను బోటామె అంటారు. బోటు చేతిలోంచి పోయాక ఇంకేమంటారో ఎవరికి తెలుసు? ఆ రేవులో ఆడమనిషి పేరు మీద ఉన్న బోట్లు చాలా తక్కువ. నేను బయటికి వచ్చి "తీసుకెళ్ళమ్మా, బాగుంది" అన్నాను. ప్రసాదరావు గారు గది అద్దంలోంచి చూస్తున్నారు.

స్టిక్కర్ కనపడాలి

ఇక్కడ మా షోరూం పూజ సంగతి చెప్పాలి. కొత్త మోటారైనా, బాగుచేసిన మోటారైనా పూజ చేయకుండా గడప దాటించేవారు కాదు ప్రసాదరావు గారు. మంచి పద్ధతే. నేను గుడిలో పుట్టినవాణ్ణి, నాకేం అభ్యంతరం? మోటారు, ట్యాంకు పక్కపక్కన పెట్టి, పసుపు ముద్ద, గంధం, కుంకుమ, పువ్వు, హారతి. ఆ తర్వాత ఫోటో. ఫోటో వాట్సాప్ గ్రూపులోకి.

మొదట్లో బొట్టు మోటారు కవరు మీదే పెట్టేవారు. కానీ ఫోటోలో షోరూం స్టిక్కర్ మీద కుంకుమ పడి పేరు కనపడడం లేదని ఒక రోజు ఆయన కనిపెట్టారు. అప్పటినుంచి హుకుం, కవరు మీద ఏమీ పూయకూడదు, స్టిక్కర్ కనపడాలి. మరి బొట్టు ఎక్కడ? ట్యాంకు మూత మీద. గుండ్రంగా, పైకి, చెయ్యి పెట్టడానికి అనువుగా ఉంటుందిగా. ఆయన స్వయంగా, కంచంలో పచ్చడి మెదిపినంత శ్రద్ధగా పూసేవారు.

ట్యాంకు గురించి ఆయనకి ఇంకో హుకుం ఉండేది. ట్యాంకు మన సరుకు కాదు కాబట్టి మెకానిక్ దాన్ని ముట్టుకోకూడదు. పూజకు పనికొచ్చే ట్యాంకు సర్వీసుకు పనికిరాదన్నమాట. డ్రమ్ములో టెస్టు ఎప్పుడూ షోరూం ట్యాంకుతోనే. పూజ నా పని అయ్యాక, ముందు గదిలో. ఎవరి హద్దులు వారివి.

మూడుసార్లు

నిషేధం ముగిసింది. బోట్లన్నీ పోయాయి. మొగ దగ్గర, అంటే కాలవ సముద్రంలో కలిసే చోట, తిరుపతమ్మ మోటారు ఆగిపోయింది. నాంచారయ్య ఎంత లాగినా మళ్ళీ స్టార్ట్ కాలేదు. తెడ్లతో వెనక్కి తెచ్చుకున్నారు. ఫోనొచ్చింది.

"ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచే ఉందా?" అన్నాను. ఎవరికైనా నేను అడిగే మొదటి ప్రశ్న అది. ట్యాంకులోంచి పెట్రోలు పోవాలంటే ఆ పోయినంత మేర గాలి లోపలికి రావాలి. రాకపోతే మోటారు కాసేపు ఆడి, ఊపిరాడక ఆగుతుంది.

"స్క్రూనే లేదు గదండీ, ఎప్పుడో పోయింది" అన్నాడు నాంచారయ్య. నిజమే. స్క్రూ లేకపోతే బెజ్జం ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా. ఆ అనుమానం అక్కడితో వదిలేశాను.

బస్సెక్కి రేవుకి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి వాళ్ళు మూత తీసి పెట్రోలు పోస్తున్నారు. లాగితే మొదటి లాగుకు అందుకుంది. ఒడ్డున కాసేపు చక్కగా ఆడింది. "ఏముంది, బాగుందిగా!" అని తిరిగొచ్చాను. నేను భట్టిప్రోలు దాటకముందే ఫోను. మళ్ళీ మొగలో ఆగిందట.

మోటారూ ట్యాంకూ మళ్ళీ షోరూంకి వచ్చాయి. విప్పాను, చూశాను, డ్రమ్ములో గంటసేపు ఆడించాను. ఆడింది. మళ్ళీ పూజ. మళ్ళీ రేవు. మళ్ళీ మొగ.

మూడోసారి నేను రేవులో బస్సు దిగేసరికి టీ బంకు దగ్గర నలుగురు నవ్వుతున్నారు. నాంచారయ్య ఒక పాట కట్టాడు:

"డ్రమ్ములో ఆడుద్ది, మొగలో ఆగుద్ది! ఎవరు చేశార్రా? డ్రమ్ము మేస్త్రి!"

ఆ రోజు నుంచి నిజాంపట్నంలో నా పేరు డ్రమ్ము మేస్త్రి. నా డిప్లొమా, నా కార్డు, నా సర్వీసు, అన్నీ ఆ డ్రమ్ములో మునిగిపోయాయి. ఆ పాటకి ముందుగా నవ్వినవాడు టీ బంకు వాడు. ఆ తర్వాత నేను అతని దగ్గర టీ తాగలేదు, ఇప్పటికీ తాగను.

మోటారుతో షోరూంకి తిరిగొస్తే ప్రసాదరావు గారు నన్ను చూసి నిట్టూర్చారు. "మీరు బాగుందన్నారనే తీసుకెళ్ళింది. అలల్లో ఆగి బోటు తిరగబడితే ఎవరు పూచీ? ఇప్పుడన్నా ఆ మాట అనండి" అన్నారు. ఆయన స్వార్థం ఆయనది గానీ, మొదటిసారి ఆయన మాటలో నేను కాదనలేని ముక్క ఉంది. మొగలో అలలకి అడ్డం తిరిగిన బోటు ఆటవస్తువు కాదు.

తిరుపతమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మేస్త్రి గారూ, ఇంకొక్క మాటు చూస్తానండి. ఈ మాటు ఆగితే బోటు కౌలుకిచ్చేస్తా. తమ్ముణ్ణి మొగలో పోగొట్టుకోలేను గదా! అయిపోతే అయిపోయిందని మీ నోటితో చెప్పండి, ఏం అనుకోను" అంది.

నేను చెప్పలేదు. చెప్పాలనిపించిన మాట నిజం. కానీ ప్రసాదరావు గారు అద్దంలోంచి చూస్తున్నారు. ఆయన చూస్తుండగా ఆ మాట నా నోటివెంట రాదు.

మొగ దాకా

మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్ళాను. మూత తీశారు, పెట్రోలు పోశారు, లాగారు, ఆడింది. ఎప్పటిలాగే. నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఎప్పటిలాగే.

నాంచారయ్య బోటులోంచి అరిచాడు. "ఒడ్డున నిలబడి చూస్తే ఎట్టా తెలుస్తదండీ? ఆగేది ఆడ. మీరుండేది ఈడ. బోటెక్కండి!"

"కంపెనీ రూలు ప్రకారం టెస్టు డ్రమ్ములోనే" అన్నాను.

"ఆహా. తెనాలోళ్ళు నీళ్ళంటే కాలవే అనుకుంటారు లెండి. పాపం భయం."

నాకు ఈత రాదు. అయినా ఎక్కాను. ధైర్యం కొద్దీ ఎక్కాననుకుంటే పొరపాటు. ఆ "పాపం" అన్న మాటకు ఎక్కాను.

బయలుదేరే ముందు తిరుపతమ్మ నీళ్ళలోకి దిగి వచ్చి ఒక పాలిథిన్ కవరు తీసింది. ట్యాంకు మూత మీద కప్పి రబ్బరు బ్యాండు వేసింది. "పూజ చేసిన కుంకుమండి. ఉప్పునీళ్ళు పడి కరిగిపోతే మంచిది కాదని ప్రతిసారీ కడతాను" అంది. అర్చకుడి కొడుకుని. ఎంత భక్తి అని మనసులో మెచ్చుకున్నాను. అంత దగ్గరగా చూసి కూడా మెచ్చుకున్నాను.

మడ చెట్లు దాటాం. నీళ్ళ రంగు మారింది. బోటు ముక్కు పైకి లేచి పడుతోంది. నేను రెండు చేతులతో చెక్క పట్టుకున్నాను. నాంచారయ్య నా వైపు చూసి నవ్వుతున్నాడు. మొగ కనపడుతుండగా మోటారు గొంతు మారింది. గురక పెట్టినట్టు రెండుసార్లు అని, ఆగిపోయింది.

"ఇదిగోండి, మీ డ్రమ్ము మోటారు!" అని తాడు లాగడం మొదలుపెట్టాడు. లాగుతున్నాడు, తిడుతున్నాడు. బోటు అలకి అడ్డం తిరిగింది. బోటులో ఉన్న ఇంకో కుర్రాడు తెడ్డు వేసి బోటు తలకాయ నిలబెడుతున్నాడు.

నేను రబ్బరు పంపు పట్టుకున్నాను. గట్టిగా ఉండవలసింది, చీకేసిన మామిడి టెంకలా చదునుగా ఉంది. పెట్రోలు రావడం లేదు. ట్యాంకు వైపు చూశాను. ప్లాస్టిక్ ట్యాంకు రెండు బుగ్గలూ లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. మంచం పట్టిన మనిషి బుగ్గల్లాగా. అప్పుడు నాకు మూడు వారాలూ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"లాగడం ఆపు!" అన్నాను. పాలిథిన్ పీకాను. కింద మూత కనపడలేదు. పసుపు, గంధం, కుంకుమ పొరలు పొరలుగా ఎండి గట్టిపడి, పైన రాలిన బంతి రేక ఒకటి అతుక్కుని ఉంది. స్క్రూ బెజ్జం ఆ పూత కింద ఎక్కడో ఉంది. మూత తిప్పగానే ట్యాంకు హుఫ్ మని గాలి పీల్చుకుంది. బుగ్గలు టపామని బయటికి వచ్చాయి. రబ్బరు నొక్కితే గట్టిపడింది.

"ఇప్పుడు లాగు."

ఒక్క లాగు. ఆడింది.

నాంచారయ్య నన్నూ మూతనూ మార్చి మార్చి చూశాడు. "అంటే... మూత తీసినప్పుడల్లా బాగవుద్దా?"

"పెట్రోలు పోయడానికి మూత తీస్తారు, గాలి లోపలికి పోతుంది, ఆడుతుంది. మూత పెట్టి మొగ దాకా వచ్చేసరికి ఉన్న గాలి అయిపోతుంది. గాలం ఒకటి ఇలా ఇవ్వు."

గాలం ముల్లుతో ఆ పూత గీకి, బెజ్జం తెరిచి, మూత పెట్టాను. మొగ దాటి అవతలికి వెళ్ళాం. చాలాసేపు తిరిగాం. ఆగలేదు. నాకు కడుపులో తిప్పి వాంతి అయింది. నాంచారయ్య రేవులో ఆ సంగతి కూడా అందరికీ చెప్పాడు. మోటారు సంగతి చెప్పాకే చెప్పాడు, ఆ మేరకు న్యాయం.

ముక్కు

ఆ మధ్యాహ్నమే ట్యాంకు మూత పట్టుకుని తిరుపతమ్మ, నాంచారయ్య, నేను షోరూంకి వెళ్ళాం. నేనే రమ్మన్నాను. ఈ సంగతి ఆయనకి నేనొక్కణ్ణే చెబితే గాలిలో కలిసిపోతుందని తెలుసు.

షోరూంలో కస్టమర్లు ఉన్నారు. మూత బల్ల మీద పెట్టి, ఇకనుంచి ట్యాంకు మూత మీద పూత వద్దండి, మోటారు ఆగుతోంది అన్నాను.

ప్రసాదరావు గారు మూత వంక చూసి, నా వంక చూసి, గొంతు పెంచారు. "పూజ చేస్తే మోటారు ఆగిందా? ఏంటయ్యా ఆ మాటలు? ఎప్పట్నుంచి నాస్తికుడివయ్యావు నువ్వు?"

రోజూ సంధ్యావందనం చేసి రైలెక్కే నన్ను. కస్టమర్లు నా వైపు తిరిగి చూశారు. ఒకాయన చెంపలు కూడా వేసుకున్నాడు. గాలి, పీడనం అంటూ డిప్లొమాలో చదివినవి మొదలుపెట్టాను. ఒక్కటీ ఎవరికీ ఎక్కలేదు.

తిరుపతమ్మ ముందుకొచ్చింది. మూత చేతిలోకి తీసుకుంది.

"అది కాదండీ బాబుగారూ. మీరు బొట్టు ఏడ పెట్టుకుంటారండీ?"

"నుదుటన. ఎందుకు?"

"ముక్కులో కుక్కుకోరు గదండీ? ఇది మోటారు ముక్కండి. ముక్కులో పసుపు కుక్కితే మోటారేంటి, మీరైనా ఆగిపోతారు."

షోరూం అంతా నవ్వింది. చెంపలు వేసుకున్నాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ప్రసాదరావు గారు తెలివైన వ్యాపారి, ఆయన కూడా నవ్వారు. నాస్తికుడన్న మాట వెనక్కి తీసుకోలేదు, అది వేరే సంగతి.

మరుసటి వారం గోడ మీద ఒక బోర్డు వెలిసింది: 'బొట్టు నుదుటికే, ముక్కుకి కాదు'. కింద ప్రసాదరావు గారి పేరు, ఫోటో. మీరిద్దరూ రోజూ ఆ బోర్డు కిందే కూర్చుంటున్నారు. ఆ మాట ఆయనది కాదు. నాది కూడా కాదు. తిరుపతమ్మది. అదే ఆయనతో అంటే "ఆమె అన్నా మన షోరూంలోనే అందిగా" అన్నారు. బొట్టు మాత్రం మళ్ళీ మోటారు కవరు మీదికి వెళ్ళింది. స్టిక్కర్ కాస్త పక్కకి జరిగింది. ఒక్క స్టిక్కర్‌ని జరపడానికి ఒక బోటు అంత దూరం వెళ్ళి ఆగవలసి వచ్చింది.

కాబట్టి కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పేది: ట్యాంకు మన సరుకు కాదని ఎవరన్నా, కస్టమరు ట్యాంకుతోనే డ్రమ్ములో ఆడించండి. 'స్క్రూ తెరిచి ఉందా?' అని ఫోనులో అడక్కండి, 'మూత మీద ఏముంది?' అని అడగండి. బోటెక్కమంటే ఎక్కండి. నిమ్మకాయ ఒకటి జేబులో పెట్టుకోండి, కడుపులో తిప్పుతుంది. అయిపోయిందన్న మాట ఎవరు అనమన్నా, ఎన్నిసార్లు గారూ అని పిలిచి అనమన్నా, మొగ దాకా వెళ్ళొచ్చాకే అనండి.

మొన్న

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. మొన్న ఫోనొచ్చింది. నాంచారయ్య.

"మేస్త్రి గారండీ, మోటారు మళ్ళీ మొగలో ఆగిందండి. తెడ్డేసుకుని ఇప్పుడే ఒడ్డుకొచ్చాం."

"బొట్టు ఎక్కడ పెడుతున్నారు?"

"కవరు మీదేనండి. మీరు చెప్పింది తప్పుతామా?"

"మరి మూత మీద ఏముంది?"



"మీరున్నారండి" అన్నాడు.

"నేనేంటి?"

తిరుపతమ్మ ఫోను లాక్కుంది. సంగతి ఏంటంటే, నేను ఉద్యోగం మానేసినప్పుడు షోరూంలో శాలువా కప్పారు. ఆ ఫోటో గ్రూపులో వచ్చింది. అందులోంచి నన్ను ఒక్కణ్ణే కత్తిరించి, రేపల్లెలో గుండ్రటి స్టిక్కర్ చేయించి, సరిగ్గా మూత సైజుకి, నీళ్ళు పడినా ఊడకుండా అతికించిందట. ఫోటో కింద అక్షరాలు కూడా వేయించిందట.

"ఏమని వేయించావమ్మా?"

"డ్రమ్ము మేస్త్రి గారు అనండి. 'గారు' పెద్దక్షరాల్లో వేయించానండి."

నా సర్వీసు మొత్తంలో నా బొమ్మ ఎక్కడా ఎక్కలేదు. గోడ మీద ఆయన ఫోటో, మోటార్ల మీద ఆయన స్టిక్కర్. చివరికి ఒక చోట ఎక్కితే, అది ఇదిగో, ఊపిరి ఆడనివ్వడం లేదు.

"పీకేయమంటారా మేస్త్రి గారూ? పీకితే చినిగిపోద్దండి" అంది తిరుపతమ్మ. మనసొప్పక అడుగుతోంది.

"పీకొద్దు" అన్నాను. "పిన్నీసు ఉందా?"

"గాజుకే ఉందండి."

"బెజ్జం ఉన్నచోట పొడువు."

"బెజ్జం నడిమధ్యలో ఉందండి. మీ మొహం మీదికొచ్చుద్ది. ముక్కు మీద."

"సరిగ్గా అక్కడే ఉండాలమ్మా. పొడువు."

ఫోనులో టప్ మని చిన్న చప్పుడు వినపడింది. నాంచారయ్య ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. తాడు లాగిన చప్పుడు వచ్చింది. ఆ 'డ్రమ్ము' అన్న మాట మాత్రం తీసేయించమ్మా అని నేను గట్టిగానే చెప్పాను. కానీ అప్పటికే మోటారు అందుకుంది. నా మాట ఎవరికీ వినపడలేదు.